పడవెక్కిన వియ్యపురాళ్ళు

గుండీలత్తకి నీళ్ళంటే భయం. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నది ఒడ్డునే బతికింది కానీ, ఏనాడూ చీలమండ దాటి తడుపుకున్న పాపాన పోలేదు. ఆవిడ కొట్టు వెనక కిటికీ తీస్తే నది కనిపిస్తుంది. ఆ కిటికీ ఆవిడ తీసేది గాలి కోసమే. "నిప్పూ నీళ్ళూ దూరం నుంచి చూస్తేనే అందం" అనేది.

కొట్టు నిండా గుండీలే. గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగు ముఖానా లోపల ఏ రకం ఉందో తెలిసేలా ఒక్కో గుండీ అంటించి ఉండేది. ఇత్తడివి, చెక్కవి, చంటిపిల్లల గౌన్లకి వేసే కుందేలు బొమ్మలవి. దారపు ఉండలు, జిప్పులు, లేసులు కూడా అమ్మేది గానీ ఊరు ఆవిడకి గుండీలత్త అనే పేరు ఖాయం చేసింది. పేరు పెట్టాక ఊరు వెనక్కి తీసుకోదు కదా.

అలాంటి మనిషి ఒక్కగానొక్క కూతురు, పోయి పోయి పడవలు చేసే వడ్రంగిని ప్రేమించింది.

"ఇంకెవరూ దొరకలేదుటే నీకు?" అని అడిగింది గుండీలత్త.

"దొరికారమ్మా. వాళ్ళకి పడవలు చెయ్యడం రాదు" అంది కూతురు.

పెళ్ళి కుదిరాక తెలిసింది అసలు సంగతి. అల్లుడి తల్లి బస్సు డ్రైవరు. అందరూ బస్సమ్మ అంటారు. తాటిచెట్టంత మనిషి, గొంతు హారన్. ఆవిడ ఏ కుర్చీలో కూర్చుంటే అదే డ్రైవరు సీటు, మిగతావాళ్ళంతా ప్రయాణికులు. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. వీళ్ళిద్దరూ రెండింటికీ సరిపోయారు.

కయ్యం కర్టెన్ల దగ్గర వచ్చింది. కొత్త జంట ఇంటికి గుండీలత్త నీలం కర్టెన్లు కుట్టి తెచ్చింది. బస్సమ్మ అదే రోజు ఆకుపచ్చవి కొనుక్కొచ్చింది. ఉన్నదేమో ఒక్కటే పెద్ద కిటికీ. పిల్లలిద్దరూ ఆలోచించి ఆలోచించి ఒకవైపు నీలం, ఒకవైపు ఆకుపచ్చ వేలాడదీశారు. దాంతో తల్లులిద్దరికీ సమానంగా కోపం వచ్చింది. అప్పట్నుంచీ "మీ ఇష్టం వదినగారూ" అని ఒకరు, "అయ్యో, నాదేముంది, మీ ఇష్టమే వదినగారూ" అని ఇంకొకరు. ఆ 'గారు' మీద కూరగాయలు తరగొచ్చు.

పెళ్ళి కానుకగా అల్లుడు తన చేత్తో ఒక పడవ చేశాడు. నది పుట్టిన చోటినుంచి కొండ దిగేదాకా నడిచి, అక్కడ పడవెక్కి, సముద్రం దాకా పోవాలని కొత్త జంట సరదా. మధ్యలో ఒక రాత్రి ఆగితే మర్నాడు సముద్రం దగ్గర ఉంటారు. సాగనంపడానికి గుండీలత్త వస్తానంది. ఆవిడ వస్తోందని తెలిసి బస్సమ్మ కూడా వస్తానంది.

అలా నలుగురూ పొద్దున్నే కొండమీదికి చేరారు.

ఏరు పుట్టిన చోటు అడగకూడదంటారు పెద్దలు. ఎందుకో గుండీలత్తకి అక్కడ అర్థమైంది. చూస్తే ఏటి పరువు పోతుంది. ఒక బండ కింద నాచు పట్టిన పగులు, అందులోంచి చిటికెన వేలంత నీళ్ళు. అంతే.

"ఇదా మన నది?" అంది నోరు తెరిచి.

"ఇదే అత్తయ్యా" అన్నాడు అల్లుడు, తనే కన్నంత గర్వంగా.

గుండీలత్త చుట్టూ చూసి, ఎవరూ చూడకుండా వంగి, ఆ పగులు మీద అరచెయ్యి ఆనించింది. నీళ్ళు ఆగాయి. చల్లగా అరచేతిని నెట్టాయి, కుక్కపిల్ల ముక్కుతో పొడిచినట్టు. ఇన్నేళ్ళు తనని భయపెట్టిన మనిషిని ఉయ్యాల్లో ఉన్నప్పుడు చూసినట్టనిపించింది. కిసుక్కున నవ్వొచ్చి చెయ్యి తీసేసింది. తలెత్తితే బస్సమ్మ చూస్తోంది. ఇద్దరూ గబుక్కున చెరోవైపు తిరిగారు.

దిగువకి నడుస్తుంటే ఆ చిటికెన వేలు బొటనవేలైంది, చెయ్యంతైంది. పక్క లోయల్లోంచి పేరులేని వాగులు ఒకటొకటే వచ్చి కలిశాయి. మొదట్లో అందరూ సరదాగా ఈ గట్టునుంచి ఆ గట్టుకి దూకుతూ వచ్చారు. తర్వాత బస్సమ్మ ఒక్కతే దూకింది. తర్వాత ఆవిడా దూకలేకపోయింది. కొండ కింద మడుగు దగ్గరికి వచ్చేసరికి ఏరు ఏరులాగే ఉంది. ఎర్రరంగు వేసిన పడవ మొద్దుకి కట్టి ఉంది.

అల్లుడు తెడ్లు తేవడానికి షెడ్డులోకి వెళ్ళాడు. కూతురు సంచులు తేవడానికి వెళ్ళింది. పడవలో పరుపు వెయ్యాలి. ఆ పని ఎవరు చెయ్యాలన్న దాని మీద తల్లులిద్దరూ ఒకేసారి పడవలో కాలు పెట్టారు. గుండీలత్తకి గుండె గుభేలుమంది గానీ, వియ్యపురాలు ఎక్కాక తను గట్టున నిలబడటమంటే ప్రాణం పోయినట్టే.

"తలగడ ఇటువైపుండాలి వదినగారూ. గాలి ఇటునుంచి వస్తుంది" అంది బస్సమ్మ.

"ఎండ అటునుంచి వస్తుంది వదినగారూ."

పరుపు చెరో కొసా పట్టుకుని లాగారు. పడవ ఊగింది. ముందు కొసన తాడు బస్సమ్మ కాళ్ళకి అడ్డం పడింది.

"ఈ తాడొకటి! కాస్త విప్పెయ్యండి, అడ్డంగా ఉంది."

ఈవిడ చెప్తే నేను చెయ్యలేననుకుంటోందేమో అన్న పంతంతో గుండీలత్త వంగింది. చిక్కుపడ్డ దారాలు విప్పి విప్పి చెయ్యి తిరిగిన మనిషి. ఆవిడ ముందు ఏ ముడీ నిలబడదు. ఇదీ నిలబడలేదు.

తలగడ ఎటు అన్నది ఇంకా తేలలేదు. గట్టుమీంచి కేక వినిపించింది.

"అమ్మా! అత్తయ్యా! పడవా!"

ఇద్దరూ తల తిప్పారు. గట్టు దూరంగా ఉంది. అల్లుడు పరిగెత్తుకొస్తున్నాడు. తెడ్లు రెండూ అతని భుజం మీద ఉన్నాయి.

"వదినగారూ, మనం కదుల్తున్నాం" అంది గుండీలత్త చాలా మర్యాదగా. తర్వాత కెవ్వుమంది.

బస్సమ్మ వెనక్కి పరిగెత్తి చుక్కాని పిడి పట్టుకుంది. "బ్రేకెక్కడ?"

"పడవకి బ్రేకుండదు!"

"హారన్?"

"అదీ ఉండదు!"

"మరిన్నాళ్ళూ మా వాడు చేసిందేమిటి?" అని అరిచింది బస్సమ్మ.

మడుగు దాటగానే ఏరు రెండు బండల మధ్య ఇరుక్కుని, నురగలు కక్కుతూ కిందికి దూకుతోంది. బస్సమ్మ చుక్కాని ఎడమకి తోసింది. పడవ కుడికి పోయింది.

"ఇదేంటి! ఎడమంటే కుడికి పోతుంది!"

"అద్దంలో చూస్తూ పాపిడి తీసుకుంటున్నట్టనుకోండి! అంతా తిరగేసి!" అంది గుండీలత్త. ఆ మాట ఎలా తోచిందో ఆవిడకే తెలీదు. కాళ్ళ దగ్గర పొడుగాటి గడ ఒకటి కనబడితే అదీ తీసింది. ఎదురుగా బండ మీదికి దూసుకొచ్చింది. కళ్ళు మూసుకుని పొడిచింది. పడవ బండని రాసుకుంటూ జారి, గాల్లో లేచి, ధబ్బున నీళ్ళ మీద పడింది. ఏరంతా ఒక్కసారి ఎగిరొచ్చి ఇద్దరి నెత్తినా పడింది.

తర్వాత ఏరు నెమ్మదించింది. ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. బస్సమ్మ ముడి ఊడి జుట్టంతా ముఖం మీద పడింది. గుండీలత్త గడని చంటిబిడ్డలా రెండు చేతులా గుండెలకి హత్తుకుంది. ఆవిడ చెవి వెనక ఒక చిన్న చేప తపతపలాడి, జారి, మళ్ళీ ఏట్లో పడింది.

"వదినా, మీ చెవిలోంచి చేప వచ్చింది" అంది బస్సమ్మ.

ముందు గుండీలత్తకి నవ్వొచ్చింది. ఆపుకుందామని పెదవి కొరుక్కుంది. ముక్కులోంచి బుస్సుమని బయటికొచ్చింది. బస్సమ్మ హారన్ గొంతుతో నవ్వడం మొదలుపెట్టేసరికి గట్టుమీద కొంగలన్నీ లేచిపోయాయి. ఇద్దరికీ కడుపు నొప్పి పుట్టింది. ఒకరు ఆపితే ఇంకొకరు "చేప!" అనేవారు, మళ్ళీ మొదలు.

అప్పుడు గుండీలత్త నడుముకున్న ప్లాస్టిక్ సంచీలో ఫోను మోగింది.

"అమ్మా! బతికే ఉన్నారా?" అని అరిచింది కూతురు. "ఏడుస్తున్నారా ఏంటి?"

"లేదే. మీ అత్తగారు..." అని మళ్ళీ నవ్వు.

"కంగారుపడకండి. మేం మోటారుసైకిల్ మీద ఊళ్ళో వంతెన దగ్గరికి వచ్చేస్తున్నాం. అక్కడ మిమ్మల్ని దింపేస్తాం."

గుండీలత్త సరేనంది. ఫోను లోపల పెట్టుకుంది. గట్టున జొన్నచేలు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. ఒక గేదె మోకాలి లోతులో నిలబడి, నములుతూ, వీళ్ళ వంకే తల తిప్పుకుంటూ చూసింది. తను కదలకుండా కూర్చుంటే ప్రపంచం తనంతట తనే నడుస్తోంది. కొట్లో కూర్చున్నప్పుడూ ఇలాగే కూర్చునేది, కానీ ఏదీ నడిచేది కాదు.

ఊరొచ్చింది. ఊరిని వెనకవైపునుంచి ఆవిడ ఎన్నడూ చూడలేదు. ముందువైపు బోర్డులు పెట్టి గంభీరంగా ఉండే కొట్లన్నీ వెనకవైపు చిరిగిన తువ్వాళ్ళు ఆరేసుకున్నాయి. ఆ వరసలో ఒక చిన్న కిటికీ కనిపించింది. తన కిటికీ ఇంత చిన్నదా అనుకుంది. అందులోంచి పక్క కొట్టు చెప్పులాయన తల బయటికి పెట్టాడు. కొట్టుకి గాలి తగిలేలా కిటికీ తియ్యమని తనే తాళం ఇచ్చి వచ్చింది.

"గుండీలత్తా! నువ్వేనా? ఎక్కడికీ?"

"సముద్రానికి!" అని అరిచింది గుండీలత్త.

అన్నాక నోరు నొక్కుకుంది. కానీ మాట అప్పటికే గట్టు చేరిపోయింది. బస్సమ్మ చుక్కాని వదిలేసి ఆవిడ వైపు చూసింది. నెమ్మదిగా ఆ పెద్ద ముఖమంతా పండగలా వెలిగిపోయింది.

"నిండా మునిగాక చలేంటి వదినా! పోదాం!"

వంతెన మీద కూతురూ అల్లుడూ తెడ్లకి తాడు కట్టి కిందికి వదిలారు. గుండీలత్త అందుకుంది.

"ఎడమ గట్టుకి రండత్తయ్యా! అక్కడ మెట్లున్నాయి!" అని అరిచాడు అల్లుడు.

"మేం రావట్లేదు నాయనా!"

"ఆఁ?"

"నువ్వు విన్నది నిజమేరా!" అంది బస్సమ్మ కొడుకుతో. "మీరు కుర్రాళ్ళు, వచ్చేవారం పోవచ్చు. నదెక్కడికి పోతుంది?"

"సముద్రానికే పోతుంది కదమ్మా, మా బాధా అదే!"

పడవ వంతెన కిందికి దూరింది. అవతలికి వచ్చేసరికి పిల్లలిద్దరూ ఆ పక్క కమ్మీకి వేలాడుతున్నారు. కూతురు వంగి వంగి నవ్వుతోంది. "అమ్మా, మా హనీమూన్‌కి మీరిద్దరూ పోతారా! సిగ్గులేదూ!"

"లేదే!" అని చెయ్యూపింది గుండీలత్త.

ఊరు దాటాక ఆనకట్ట. దాని పక్కన లాకులు. తెడ్డు వెయ్యడంలో మొదట కాసేపు గిరగిరా బొంగరంలా తిరిగారు. ఆనకట్ట మీంచి దూకుతున్న నీళ్ళ హోరు వింటే మాత్రం ఇద్దరికీ పని దానంతటదే వచ్చేసింది. లాకుల దగ్గర ఖాకీ కోటు వేసుకున్న మనిషి అడ్డంగా చెయ్యెత్తాడు.

"పడవ నడిపేదెవరు?"

ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు.

"దిశ మార్చేది ఆవిడ" అంది గుండీలత్త.

"గుద్దుకోకుండా చూసేది ఈవిడ" అంది బస్సమ్మ.

లాకులాయన వెనక తలుపు మూసి నీళ్ళు వదలడం మొదలుపెట్టాడు. పడవ ఎత్తైన రాతిగోడల మధ్య మెల్లగా దిగుతోంది. గుండీలత్త కళ్ళు మాత్రం ఆయన కోటు మీదే ఉన్నాయి. మధ్య గుండీ లేదు. ఆ బాధ ఆవిడ తట్టుకోలేదు.

"అయ్యా, ఆ కోటు ఇలా పడెయ్యండి."

"ఎందుకమ్మా?"

"పడెయ్యండి అంటుంటే!"

కోటు వచ్చి పడింది. జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి, సంచి అడుగున దొరికిన ఇత్తడి గుండీ ఒకటి కుట్టేసింది. పూర్తయ్యేసరికి పడవ బాగా లోతుకి దిగిపోయింది. బస్సమ్మ గడకి తగిలించి పైకెత్తింది కోటుని. ఆయన తొడుక్కుని, గుండీ పెట్టుకుని, ఉప్పొంగిపోయి, ఎవరూ అడక్కుండానే బోలెడు సలహాలు చెప్పాడు. కిందికి పోయేకొద్దీ సముద్రం పోటు నదిలోకి వస్తుందనీ, రాత్రి తప్పకుండా లంగరు వెయ్యాలనీ, గట్టిగా వెయ్యాలనీ చెప్పాడు. ముందు తలుపులు తెరుచుకుంటున్న సందడిలో వియ్యపురాళ్ళు అందులో సగమే విన్నారు.

అక్కడినుంచి నది ఇంకో మనిషి. తొందర పోయింది. ఒళ్ళు చేసింది. ఈ గట్టున మనిషి పిలిస్తే ఆ గట్టున వినపడనంత వెడల్పైంది. వంపు తిరిగినచోటల్లా ఇసుకదిబ్బలు, రెల్లు. పొద్దు వాలుతుండగా ఒక దిబ్బ పక్కన పడవ ఆపి, లంగరు నీళ్ళలో పడేసి, పిల్లల కోసం కట్టిపెట్టిన రొట్టెలూ పళ్ళూ విప్పుకున్నారు. తలగడ ఎటు పెట్టాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఉన్న ఒక్క పరుపు మీద ఇద్దరూ నడుం వాల్చారు.

బస్సమ్మ చాలాసేపు ఆకాశం చూసింది.

"ఇన్నేళ్ళూ ఎవరెక్కడ ఎక్కాలో ఎక్కడ దిగాలో నేనే చెప్పాను వదినా. మా వాడు మాత్రం నేను స్టాపు చెప్పకుండానే దిగిపోయినట్టనిపించింది. ఏదో ఒకటి, నాదంటూ ఆ ఇంట్లో వేలాడుతూ ఉండాలనిపించి... ఆ కర్టెన్లు. నిజం చెప్తే నాకే నచ్చలేదు ఆ ఆకుపచ్చ."

"నా నీలం కూడా ఏడిచినట్టే ఉంది" అంది గుండీలత్త. "కొట్లో ఆ బట్ట మిగిలిపోయింది. ఇదిగో వదినా, నీవాడొక్కడే దిగాడా? నా పిల్లా దిగింది. ఇద్దరూ ఒకే స్టాపులో దిగారు, అంతవరకూ నయం."

తను 'నువ్వు' అన్నట్టు అన్నాక గానీ తెలియలేదు ఆవిడకి. బస్సమ్మ సరిదిద్దలేదు. ఆవిడ అప్పటికే గురక.

పొద్దున్నే గుండీలత్తకి మెలకువ వచ్చింది. గట్లు హాయిగా కదులుతున్నాయి. చల్లగాలి. ఆహా అనుకుని చూస్తూ పడుకుంది. ఒక వంకర తాడిచెట్టు, దాని కింద పాత ఇటుకల బట్టీ. ఇది నిన్న చూసినట్టుందే అనుకుంది. ఒక గేదెల మంద దాటింది. అదీ చూసినట్టే ఉంది. దిగ్గున లేచి కూర్చుంది.

"వదినా! వదినా! లే! నది వెనక్కి పోతోంది!"

బస్సమ్మ ఒక కన్ను తెరిచింది. "నదికి రివర్స్ గేరుందా?"

ఉంది. లాకులాయన చెప్పిన పోటు అదే. లంగరు ఏ ఇసుకనీ పట్టుకోలేదు, గొలుసు చివర ఊరికే వేలాడుతోంది. సముద్రం నదిని భుజం పట్టుకుని వెనక్కి తోస్తోంది, నదితోపాటు వీళ్ళనీ. తెడ్లు వేశారు. ఎంత వేసినా తాడిచెట్టు అక్కడే ఉంది. కాసేపు ఇటు, కాసేపు అటు. ఏటికి ఎదురీదడమంటే విన్నారు గానీ, ఏరే ఎదురు తిరిగితే ఏం చెయ్యాలో ఏ సామెతా చెప్పలేదు. చివరికి తెడ్లు పడేసి, నవ్వి నవ్వి, మిగిలిన రొట్టె తింటూ కూర్చున్నారు. దారినపోయే ఒక చేపల పడవాయన వీళ్ళని చూసి జాలిపడ్డాడు.

"పోటు తగ్గేదాకా ఊరుకోండమ్మా. తర్వాత అదే తీసుకుపోతుంది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం అలల్లోకి పోకండి. ఎడమ పక్క ఇసుక మీదికి ఎక్కించెయ్యండి."

"మా ఎడమా, పడవ ఎడమా?" అని అడిగింది బస్సమ్మ.

ఆయనకి అర్థం కాలేదు.

పోటు తగ్గింది. నది ఒక్క క్షణం ఏ వైపూ కదలకుండా నిలబడింది, ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు. అంతలో గడ్డిపరక ఒకటి ముందుకి కదిలింది. పడవ దాని వెనక బయల్దేరింది. ఈసారి వేగం వేరు. గట్లు దూరంగా, ఇంకా దూరంగా జరిగాయి. చెట్లు పొట్టివయ్యాయి. తెల్లటి పక్షులు నెత్తిమీద తిరుగుతూ తిట్టడం మొదలుపెట్టాయి. గుండీలత్త నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పగా ఉంది వదినా! ఉప్పు!"

"నాకూ!" అని బస్సమ్మ చుక్కాని వదిలి రెండు చేతులతో పుడిసిలి పట్టి తాగేసి, ఉమ్మేసి, మళ్ళీ తాగింది.

నది ఆఖరి వంపు తిరిగింది. ఎదురుగా ఏమీ లేదు.

గుండీలత్త అవతలి గట్టు కోసం వెతికింది. పుట్టినప్పట్నుంచీ నీళ్ళంటే ఆవిడకి రెండు గట్లుండాలి. కుడినుంచి ఎడమకి, ఎడమనుంచి కుడికి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వెతికింది. లేదు. అలవాటైన భయం వస్తుందని కాచుకుని కూర్చుంది. దాని బదులు కడుపులోంచి ఏదో తేలికగా లేచి గొంతు దాకా వచ్చింది. ఉయ్యాల బాగా పైకెళ్ళి ఆగినప్పుడు వస్తుందే, అలాంటిది.

"ఎడమ! వదినా ఎడమ!"

"అంటే కుడికి తొయ్యాలి! తెలుసు!" అంది బస్సమ్మ.

పడవ బుల్లి అలమీద ఎక్కి, ఒక పక్కకి ఒరిగి, జర్రున ఇసుక మీదికి దూసుకుపోయి ఆగింది. ఒడ్డున కూతురూ అల్లుడూ ప్యాంట్లు మడిచి నిలబడి ఉన్నారు. బస్సులో వచ్చారట. అల్లుడు ఒక్క ఉరుకున వచ్చి పడవ పక్కలు తడిమాడు.

"దెబ్బేం తగల్లేదు కదా?"

"మాకేం కాలేదు నాయనా. అడిగావు, అదే పదివేలు" అంది గుండీలత్త.

అతని ముఖం సిగ్గుతో ఎర్రబడింది. "వచ్చేవారం మేం వెళ్తాంలెండి. లారీలో మళ్ళీ పైకి తీసుకెళ్తాను."

"మేమూ రావచ్చా?" అంది బస్సమ్మ.

"వద్దు!" అన్నారు పిల్లలిద్దరూ ఒక్క గొంతుతో.

తల్లులకేం చిన్నతనం అనిపించలేదు. అసలు వాళ్ళు వినడం లేదు. గుండీలత్త అప్పటికే పడవ దిగి, చెప్పులు ఇసుకలో వదిలేసి, నీళ్ళకేసి నడుస్తోంది. చీలమండలు తడిశాయి. ఆగలేదు. మోకాళ్ళు తడిశాయి. వెనక నుంచి బస్సమ్మ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది, లేదా ఆవిడే బస్సమ్మ చెయ్యి పట్టుకుంది. ఒక అల వచ్చి ఇద్దర్నీ కూలదోసింది. దగ్గుతూ, ఉమ్ముతూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని లేచారు.

"అమ్మా! ఎలా ఉంది?" అని ఒడ్డునుంచి అరిచింది కూతురు.

గుండీలత్త జవాబు చెబుదామని ఇటు తిరిగి నోరు తెరిచింది. వెనకనుంచి ఇంకో అల వస్తోంది, ముందుదానికన్నా పెద్దది.